ఎండబెట్టుకున్నవాళ్ళు

మీరే చేశారు ఇది. ఇంకెవరో కాదు, మీరే. క్రేన్ అద్దెకిచ్చిన కంపెనీ, అద్దెకి తీసుకున్న కాంట్రాక్టరు, కింద చల్లని గదిలో ప్లాను కాగితాలు పరుచుకుని కూర్చున్న ఇంజనీరు, చేతి గడియారం వంక తప్ప మనిషి వంక చూడని ఫోర్మన్, అందరూ కలిసి చేశారు. అరవై మీటర్ల ఎత్తున ఇనప స్తంభం కొసన అద్దాల డబ్బా ఒకటి పెట్టి, అందులో ఒక మనిషిని కూర్చోబెట్టి, వాడికి కళ్ళుంటాయని గుర్తుంచుకుని అద్దం తుడవడానికి గుడ్డ ఇచ్చారు, చేతులుంటాయని గుర్తుంచుకుని తొడుగులిచ్చారు, వాడికి పొట్ట ఉంటుందనీ, అందులోకి పోయింది మళ్ళీ బయటికి రావాలనీ మాత్రం ఒక్కడికీ తట్టలేదు. తట్టలేదా, తట్టినా నవ్వుకుని ఊరుకున్నారా? ఇప్పుడు పదకొండయింది. పొద్దున ఆరింటికి ఎక్కాను. కింద పద్నాలుగో అంతస్తు స్లాబు పోస్తున్నారు, సాయంత్రం నాలుగు దాకా ఆగదు, ఆగితే పోసిన దానికీ పోయబోయే దానికీ మధ్య అతుకు పడుతుంది, అతుకు పడితే ఇంజనీరు మెడ మీదకొస్తుంది, కాబట్టి నేను దిగకూడదు. దిగి, పని కానిచ్చుకుని, మళ్ళీ ఎక్కాలంటే మామూలు మనిషికి నలభై నిమిషాలు. నాకు గంట. నిచ్చెన మీద కాలెత్తి పైమెట్టున పెట్టిన ప్రతిసారీ వెనకాల పుండు సాగుతుంది. అక్కడే నా రోగం. మలద్వారం అంచున ఒక చీలిక. బియ్యపు గింజంత అంది డాక్టరమ్మ. ఏడాదిన్నరగా ఆ బియ్యపు గింజ మీద కూర్చుని రెండేసి టన్నులు ఎత్తుతున్నాను.

ఎత్తు, అంటాడు వాకీటాకీలో జెండా. వాడి పేరేదైనా జెండా అనే పిలుస్తాం, స్లాబు అంచున నిలబడి నాకు సైగలు చేసేవాడు, పైనుంచి చూస్తే పసుపు టోపీ పెట్టుకున్న చీమ. కుడిచేతి లివరు లాగాను, కాంక్రీటు బకెట్టు నేల విడిచింది, తాడు బిగిసిన కుదుపు స్తంభమంతా పాకి కుర్చీలోకొచ్చింది, కుర్చీలోంచి నాలోకి. ఎడమ పిర్ర మీదకి ఒరిగాను. ఏడాదిన్నరగా నా ఒళ్ళు ఎడమకే ఒరుగుతోంది, చొక్కా కొనుక్కుంటే ఒక భుజం జారుతోంది. కడుపులో కదలిక మొదలై పావుగంట. ఈ కదలిక మామూలుది కాదు, దీని కోసం నేను తొమ్మిది రోజులుగా ఎదురు చూశాను. రోజుకి మూడు లీటర్ల నీళ్ళు తాగి, పీచున్నవి తిని, రాత్రిళ్ళు మెత్తబరిచే మందు మింగి, గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో కూర్చుని తెచ్చుకున్న కదలిక. మొన్న మొదటిసారి నొప్పి సగమే అయింది. నిన్న గుడ్డకి రక్తం లేదు. జేబులో మడత పెట్టుకున్న కాగితం మీద డాక్టరమ్మ రాసిన మూడో ముక్క ఇది: వచ్చినప్పుడు ఆపకూడదు. కింద రెండు గీతలు కొట్టింది. ఆపితే లోపల నీరు ఇంకిపోయి రాయవుతుంది, రాయి మళ్ళీ చీలుస్తుంది, మళ్ళీ మొదటికొస్తావు అంది. పది నిమిషాల క్రితమే ఫోర్మన్‌ని అడిగాను, దిగుతాను, మనిషిని పంపు అని. స్లాబు మధ్యలో దిగుడేంటి, పొద్దున్నే చూసుకుని ఎక్కాలి కదా, చిన్నపిల్లాడివా అన్నాడు. అందరూ వినే ఛానల్లో అన్నాడు. ఎవరో నవ్వారు. ఎవరో తెలియదు, నవ్వుకి మొహం ఉండదు వాకీలో.

పొద్దున్నే చూసుకుని ఎక్కాలి. నిజమే, మా కులవిద్యే అది. నాకు ఈ పని నేర్పినవాణ్ణి ఒంటె అనేవాళ్ళు. పద్నాలుగు గంటలు చుక్క నీళ్ళు ముట్టకుండా కూర్చునేవాడు పైన, దిగాక కూడా ముందు బీడీ, తర్వాతే నీళ్ళు. మొదటి రోజు నన్ను నిచ్చెన కింద నిలబెట్టి ఆయన నేర్పింది లివర్లు కాదు. ఎండబెట్టుకోవడం నేర్పాడు. పెద్ద స్లాబు ఉందంటే ముందు రోజు మధ్యాహ్నం నుంచీ నీళ్ళు బందు, పండు బందు, ఆకు బందు, జారేదేదీ వద్దు, ఎండు రొట్టె, ఉడికించిన గుడ్డు, అంతే. ఒకటికి సీసా ఉంది, రెండుకి ఏం పెట్టుకుంటావురా, అందుకే రాకుండా చూసుకో, పొట్ట కుక్కలాంటిది, తిండి పెట్టకపోతే మొరగదు అన్నాడు. లోకంలో మనుషులు కలిస్తే తిన్నావా అని అడుగుతారు. మేము పొద్దున నిచ్చెన దగ్గర కలిస్తే ఎండావా అని అడుగుతాం. ఎండాను అంటే మొనగాడు. నాలుగు రోజులు ఎండినవాడు వీరుడు. ఒంటె తర్వాత అంతటివాణ్ణి నేనే అని పేరు, చిన్న ఒంటె అన్నారు నన్ను, ఆ పేరుకి మురిసిపోయాను, థూ. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు పుండు కంటే అదే ఎక్కువ మండుతోంది. ఒంటె ఎలా పోయాడో ఎవరూ మాట్లాడరు. మూత్రపిండాలు రెండూ రాళ్ళు నిండి పోయాడు. శవం దగ్గర మేమందరం నిలబడి ఆయన ఎన్ని గంటలు పైన కూర్చోగలిగేవాడో చెప్పుకున్నాం, గొప్పగా. ఒక్కడు కూడా, ఎందుకు కూర్చున్నాడు అని అడగలేదు. నేనూ అడగలేదు. నోరున్నవాణ్ణని పేరు నాకు, ఐదో తరగతితో బడి మానేసి, పాత కాగితాలు చదివి చదివి నోరు తెచ్చుకున్నవాణ్ణి. ఎండాకాలం డబ్బాలో ఫ్యాను కావాలని పదకొండు రోజులు కొక్కేలు కట్టేసి సమ్మెలో కూర్చోబెట్టాను అందర్నీ. ఫ్యాను వచ్చింది. ఇదిగో తిరుగుతోంది నెత్తి మీద. ఆ రోజు కోరికల కాగితం రాసింది నేనే, ఏడు కోరికలు, ఎనిమిదోది రాయబోయి కలం ఆపాను. దొడ్డి అని రాయాలి. అంతమంది మగాళ్ళ ముందు, ఆఫీసులో, గట్టిగా చదవాలి. కలం మూత పెట్టేశాను. నా చేత్తో నేనే.

దించు, అంటాడు జెండా. దించాను. ఆపు. ఆపాను. కింద ఇద్దరు బకెట్టు మూతి లాగారు, బూడిదరంగు ముద్ద కిందికి జారింది, ఎంత హాయిగా జారింది, నా కళ్ళు దాని మీదే నిలిచిపోయాయి. సిగ్గులేని కళ్ళు. లోపల ఒత్తిడి ఒక అల లాగా వచ్చి తలుపు తట్టి నిలబడింది. బిగించాను. బిగించడం నాకు చెప్పక్కర్లేదు, ఆ కండరం ఏడాదిన్నరగా బిగిసే ఉంది, నిద్రలో కూడా పిడికిలే. మొదటిసారి చిరిగిన రోజు గుర్తుంది. ఈ సైటు కాదు, నది అవతల గోదాముల పని, వరసగా మూడు రోజులు స్లాబు, మూడు రోజులు ఎండాను. నాలుగో రోజు దిగి, ఇనుము కోసే షెడ్డు వెనక మా కూలీలకి కట్టిన రేకుల దొడ్డిలో కూర్చున్నాను. గాజు పెంకులు కంటున్నట్టు అనిపించింది. నోట్లో చొక్కా కాలరు కుక్కుకున్నాను, పక్క రేకు అవతల ఎవరో ఈల వేస్తున్నారు. చూస్తే ఎర్రచుక్కలు. కూర్చున్నంతసేపూ ఒక ఎత్తు, లేచాక రెండు గంటలు ఇంకో ఎత్తు, ఎవరో కారం పూసిన మేకు అక్కడ పెట్టి మెల్లగా తిప్పుతున్నట్టు. వేడి చేసిందనుకున్నాను. మర్నాడు భయమేసి వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. వెళ్ళకపోతే గట్టిపడింది, గట్టిపడి మళ్ళీ చీల్చింది, చీల్చినందుకు మళ్ళీ భయపడ్డాను. రోగం ఎంత తెలివైందో చూడండి, మన భయాన్నే మేపుకుని బతుకుతుంది. ఫోర్మన్ అవసరం లేదు దానికి. మనిషి తనకు తనే ఫోర్మన్ అయిపోతాడు.

చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పుకోకపోతే ప్రాణం పోతుంది. నేను మానం వైపు నిలబడ్డాను, మూర్ఖుణ్ణి కాబట్టి. మందుల కొట్టువాడి దగ్గర జనం తగ్గేదాకా గోడకి ఆనుకుని నిలబడి, మా మావయ్యకి అని అబద్ధమాడి అడిగాను. మీ మావయ్యకి మొలలు అన్నాడు, నా వంక చూడకుండా ట్యూబు ఇచ్చాడు. మావయ్య పోయి తొమ్మిదేళ్ళు, ఆయనకి మొలలు అంటగట్టాను. ఆ ట్యూబు ఆరు నెలలు. తర్వాత బస్టాండు వెనక సందులో పెద్దాయన, మొలలు, లూటీ, భగందరం కోత లేకుండా మాయం అని బోర్డు, బోర్డు మీద పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ, ఎందుకో. ఆయన నా నాడి పట్టుకున్నాడు. నాలుక చూశాడు. కనురెప్ప లాగి చూశాడు. రోగం ఎక్కడుందో అక్కడ తప్ప అన్నిచోట్లా చూసి మొలలు అన్నాడు, నల్లపొడి పొట్లం కట్టాడు, దానితో రెండు రోజులు నీళ్ళ విరేచనాలు, ఐదో రోజు మళ్ళీ రాయి. తర్వాత కంపెనీ డాక్టరు. టేబులు అవతల నుంచి ఏంటి అన్నాడు, వెనకాల నొప్పండీ అన్నాను, మొలలా అన్నాడు, ఏమోనండీ అన్నాను, మొలలే అని రాశాడు. కుర్చీలోంచి లేవలేదు. ఏడాదిన్నరలో ముగ్గురు, ముగ్గురూ ఒకే మాట, ఒక్కడూ చూడలేదు. చూడమని నేనూ అనలేదు. వాళ్ళు లేవకూడదనుకున్నారు, నేను విప్పకూడదనుకున్నాను, మా మధ్య మొలలు అనే మాట దుప్పటిలా పరుచుకుంది, అందరికీ హాయిగా ఉంది. దాని కింద చీలిక ముదిరింది.

నా భార్య హోటలు లాండ్రీలో పనిచేస్తుంది. రోజుకి నాలుగొందల దుప్పట్లు ఆమె చేతిమీదుగా పోతాయి, మరక చూస్తే ఎవరు ఏం తాగారో, ఎప్పుడు తాగారో చెప్తుంది. అలాంటి మనిషి దగ్గర నేను రక్తపు గుడ్డలు దాచాను. ఎంత తెలివి. పాత హెల్మెట్టు లోపల కుక్కి మంచం కింద తోశాను. ఒక ఆదివారం పొద్దున హెల్మెట్టు తెచ్చి నా ముందు బోర్లించింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఒక్కొక్కటే నేల మీద పరిచింది, బట్టలు వరసపెట్టినట్టు. “ఇది నిన్నటిది. ఇది వారం నాటిది. ఇది వానల ముందుది. ఎవరి దగ్గర దాస్తున్నావు?” అంది. నేను పేపరు చదువుతున్నట్టు నటించాను, తలకిందులుగా పట్టుకున్నానని తర్వాత చెప్పింది. ఆమె ఏమనుకుందో ఆ తర్వాత తెలిసింది, కాన్సర్ అనుకుంది, నాకు చెప్పకుండా మూడు రాత్రులు ఏడ్చింది, ఏడుస్తూనే లాండ్రీలో అందర్నీ అడిగింది, నా పేరు చెప్పలేదట, మా ఆడపడుచు భర్తకి అని చెప్పిందట. మా ఇంట్లో ఈ రోగం అందరికీ ఉంది, మా ఇద్దరికీ తప్ప. చివరికి ఒకామె చెప్పింది, పెద్దాసుపత్రిలో బుధవారం పొద్దున ఒక డాక్టరమ్మ కూర్చుంటుంది, చూడకుండా మందు రాయదు అని. ఆడమనిషా, నేను రాను అన్నాను. నీ ప్రాణం ముందు నీ పరువెంత, నడువు అంది.

జెండా మళ్ళీ ఎత్తమన్నాడు. ఎత్తాను. పదకొండూ ఇరవై. అల తిరిగొచ్చింది, ఈసారి నుదుటి మీద చెమట పట్టింది, ఫ్యాను గాలికి చల్లగా తగిలింది. డాక్టరమ్మ చిన్న మనిషి, బల్ల మీద నేను పక్కకి తిరిగి పడుకుంటే ఆమె స్టూలు ఎక్కి నిలబడాల్సొచ్చింది. గోడకి పెచ్చులూడిన చోట ఒక తేలు ఆకారం, దాన్నే చూస్తూ పడుకున్నాను. వెలుగు వేసి చూసింది. పది సెకన్లు కూడా కాలేదు. “ఇవి మొలలు కావు. ఎవరైనా చూశారా మిమ్మల్ని ఇంతకుముందు?” అంది. చూడలేదు అన్నాను, గోడతో. చెయ్యి చాచి గోడ మీది తేలు తోకని గోటితో గీకేశాను. నొప్పికి కాదు. ఏడాదిన్నర తర్వాత ఒక మనిషి అక్కడ చూసి, అక్కడున్నదాన్ని దాని పేరుతో పిలిచినందుకు. ఫిషర్ అంది. చీలిక. లేచి కూర్చున్నాక కాగితం మీద గుండ్రంగా గీసి చూపించింది, ఇది కండరం, నొప్పికి ఇది బిగుసుకుంటుంది, బిగుసుకుంటే పుండుకి నెత్తురు అందదు, నెత్తురు అందక మానదు, మానక మళ్ళీ నొప్పి. దాన్ని వదులు చెయ్యాలి, అదే వైద్యం. శనగ గింజంత మందు రోజుకి రెండుసార్లు రాయాలి. అందులో ఒక రకానికి తలనొప్పి వస్తుంది, తల తిరుగుతుంది, మీరేం పని చేస్తారు అంది. చెప్పాను. కలం ఆగింది. ఎంత ఎత్తు అంది. చెప్పాను. మరి నీళ్ళు, మరి బాత్రూము అంది. చెప్పాను, ఎండబెట్టుకోవడం గురించి కూడా చెప్పాను, కొంచెం గొప్పగా కూడా చెప్పానేమో, అలవాటు. ఆమె ఇంకో రకం మందు రాసింది. రెండు నెలలు ఇలా చేస్తే మానచ్చు, మానకపోతే చిన్న ఆపరేషను, కండరం ఒక పోగు కొయ్యడం, చాలామందికి బాగుంటుంది, కొందరికి గాలి మీద పట్టు తప్పచ్చు, కాబట్టి ముందు ఇది చెయ్యండి అంది. “మందు నేను రాయగలను. మీరు దిగడం నేను రాయలేను” అంది. అయినా రాసింది. రెండు గంటలకోసారి దిగనివ్వాలి అని కింద సంతకం పెట్టింది.

ఆ కాగితం మర్నాడు సైటు ఆఫీసులో పెట్టాను. మేనేజరు చదివాడు, ఇంజనీరుకి ఇచ్చాడు, ఇంజనీరు చదివి కిటికీలోంచి బయటికి చూశాడు, నవ్వాపుకోవడానికి. ఒక క్రేనుకి ఇద్దరు ఆపరేటర్లని ఎక్కడ పెట్టారయ్యా లోకంలో అన్నాడు మేనేజరు. ఎక్కడో పెట్టే ఉంటారు, లోకం పెద్దది అన్నాను. ఒంట్లో బాగోకపోతే చెప్పు, ఎత్తుకి పనికిరావని రాయించుకుంటాం, గోదాములో లెక్కలు చూసుకో అన్నాడు. అది బెదిరింపని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఎత్తుకి పనికిరాడని ఒకసారి రాశారంటే ఏ ఊళ్ళోనూ ఏ క్రేనూ ఎక్కనివ్వరు. తర్వాత చివరి మాట వేశాడు, పక్క క్రేన్లో మీ బామ్మర్ది ఉన్నాడు కదా, నువ్వు తయారు చేసినవాడే కదా, వాడు ఎప్పుడైనా అడిగాడా ఇలాంటివి అని. అడగలేదు. వాడు బంగారం అన్నాడు మేనేజరు. నా భార్య తమ్ముడు. ఇరవై ఆరేళ్ళు. ఆరేళ్ళ క్రితం నేనే తీసుకొచ్చి నిచ్చెన కింద నిలబెట్టాను వాణ్ణి.

ఇప్పుడు అద్దంలోంచి వాడి క్రేను కనిపిస్తోంది, ఇనప కడ్డీల కట్ట మోసుకుని చెయ్యి తిప్పుతోంది, మెత్తగా, కుదుపు లేకుండా, నా తిప్పుడే అది, మణికట్టు నాదే. మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి మూడో ఛానలు ఉంది, మిగతావాళ్ళు వినరు. అందులో గరగరమన్నాడు.

“ఏంటి బావా, పొద్దున్నుంచీ జెండా మీద విసుక్కుంటున్నావు. అక్కతో పడిందా?”

కడుపు అన్నాను.

“ఎండలేదా?”

డాక్టరు వద్దంది, నీళ్ళు తాగమంది అన్నాను. గట్టిగా నవ్వాడు. “ఒంటె శిష్యుడివి నువ్వు నీళ్ళు తాగడమేంటి బావా. ఆయన వింటే గోతిలోంచి లేచొస్తాడు.” నేను నవ్వలేదు. వాడి క్రేను చెయ్యి సగంలో ఆగింది. కడ్డీల కట్ట గాలిలో మెల్లగా ఊగుతోంది. అప్పుడన్నాడు.

“బావా. ఆ డాక్టరమ్మ, వేరేవాళ్ళని కూడా చూస్తుందా?”

ఎందుకు అన్నాను. ఊరికే అన్నాడు. ఎన్నాళ్ళయింది అన్నాను. నాలుగు నెలలు అన్నాడు. రక్తమా అన్నాను. రోజూ కాదు అన్నాడు, తప్పు చేసినవాడిలా. ఎవరికి చూపించావు అంటే, పొద్దుతిరుగుడు పువ్వు బోర్డు పెద్దాయనకి అన్నాడు. ఆయన నీకెలా తెలుసు? మీ ఇంట్లో అటక మీద పొట్లం చూశాను, కాగితం మీద అడ్రసు ఉంది అన్నాడు. అంటే వాడికి నా సంగతి నాలుగు నెలలుగా తెలుసు. నా పరువు కోసం వాడు నోరు మూసుకున్నాడు, వాడి పరువు కోసం నా పొట్లం వాడుకున్నాడు, ఆదివారాలు ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, ఇద్దరం ఎడమకి ఒరిగి, రేడియోలో ఆట వింటూ కేకలు పెట్టాం. నా భార్య మా ఇద్దరికీ వడ్డించింది. ఎలా కనిపించలేదు నాకు? నాకు పైనుంచి అన్నీ కనిపిస్తాయి కదా, అరవై మీటర్ల పైనుంచి ఎవడు బీడీ ముట్టించాడో కూడా చెప్తానే.

“అక్కకి చెప్పకు బావా” అన్నాడు. “ఎవరికీ చెప్పకు. ఎత్తుకి పనికిరానని రాసేస్తారు.” కడ్డీల కట్ట మళ్ళీ కదిలింది.

పొద్దున నిచ్చెన దగ్గర వాడు నన్ను అడిగాడు, ఎండావా బావా అని. ఎప్పటిలాగే ఎండాన్రా అన్నాను. అబద్ధం చెప్పాను, సంచీలో మూడు లీటర్ల నీళ్ళు పెట్టుకుని. వాడు ఎండాను అన్నాడు, అది నిజం. ఎవరు నేర్పారు? మీరే చేశారని మొదలెట్టాను కదా, ఆ మీరులో ఇంకొకణ్ణి కలుపుకోండి. కంపెనీ తలుపు వేసింది, నేను గొళ్ళెం పెట్టాను. వాళ్ళు దొడ్డి ఇవ్వలేదు, అక్కర్లేకుండా బతికే విద్య నేను నేర్పాను, చవగ్గా, నవ్వుతూ, భుజం తట్టి. వాళ్ళకి ఇంతకంటే మంచి ఫోర్మన్ ఎక్కడ దొరుకుతాడు? ఎంతమందికి నేర్పాను? పదకొండు మందికి. పదకొండు మంది ఎక్కడెక్కడో డబ్బాల్లో కూర్చుని ఉన్నారు ఈ నిమిషాన, గొంతు తడారి, ఒక పక్కకి ఒరిగి, మొలలనుకుంటూ.

ఓపెన్ ఛానల్లో మళ్ళీ అడిగాను. ఈసారి ఇంజనీరే పలికాడు, ఇంకో నాలుగు గంటలు ఓర్చుకో, అయిపోయాక ఇంటికెళ్ళి నీ ఇష్టమొచ్చినంతసేపు కూర్చో అన్నాడు. పక్కన నవ్వు. జెండా నవ్వలేదు, ఎత్తమని మెల్లగా అన్నాడు పాపం. ఎత్తాను. ఎత్తుతుంటేనే తెలిసింది, అల లేదు. తట్టి తట్టి విసిగిపోయి వెళ్ళిపోయింది. కడుపు బల్లలా ఉంది. తొమ్మిది రోజుల నీళ్ళు, తొమ్మిది రోజుల తొట్టి, నిన్నటి ఆ శుభ్రమైన గుడ్డ, దాన్ని నా భార్య వెలుతురుకి పట్టుకుని చూసి ఏమీ అనకుండా మడత పెట్టింది, అదంతా ఇప్పుడు లోపల వెనక్కి నడుస్తోంది, నీరు ఇంకిపోతూ, గట్టిపడుతూ. రేపు చీలుస్తుంది. రేపు కాకపోతే ఎల్లుండి. సరైన వైద్యం దొరకలేదని ఏడ్చాను ఏడాదిన్నర. దొరికింది. జేబులో ఉంది. నీళ్ళు, దిగడం, ఇంతే వైద్యం, పిల్లాడికి కూడా తెలిసిన వైద్యం, అది నాకు లేదు. ఆకలైనవాడికి అన్నం బొమ్మ గీసిచ్చినట్టయింది. ఇప్పుడిక దిగే అవసరం కూడా లేదు. నాలుగింటి దాకా హాయిగా కూర్చోవచ్చు. కడుపు మొరగడం లేదు. ఒంటె గెలిచాడు.

పదకొండూ యాభై. బకెట్టు స్లాబు మీద ఖాళీ చేయించాను. ఖాళీ బకెట్టు నేల మీదికి తెచ్చి, మెత్తగా, చప్పుడు కాకుండా దించి, తాడు విప్పించాను. కొక్కెం పైదాకా లాగేశాను. తిప్పుడు బ్రేకు వదిలేశాను, గాలి ఎటు తోస్తే అటు తిరుగుతుంది క్రేను చెయ్యి, వదిలి వెళ్ళేవాడు అలాగే వదలాలి. జెండా ఏంటన్నా అన్నాడు. పక్కకి జరుగు తమ్ముడూ, అంచున నిలబడకు అన్నాను. ఏమీ జరగదని నాకు తెలుసు. సాయంత్రానికి ఎవరినో తెచ్చి ఇందులో కూర్చోబెడతారు, బయట కావలసినంత మంది ఎండినవాళ్ళు ఉన్నారు, వాళ్ళలో సగం మంది నా శిష్యులే. నన్ను ఎత్తుకి పనికిరాడని రాస్తారు. నా భార్య ఆ కాగితం కూడా వెలుతురుకి పట్టుకుని చూస్తుంది. తెలిసే వాకీ మీట నొక్కాను, ఒకటో ఛానలు, అందరూ వినేది, ఇంజనీరు, ఫోర్మను, మేనేజరు, కడ్డీలు కట్టేవాళ్ళు, కాంక్రీటు తోసేవాళ్ళు, వంట షెడ్డులో ఆడవాళ్ళు, పక్క క్రేన్లో వాడు.

వినండి అన్నాను. నాకు మలద్వారం దగ్గర చీలిక ఉంది. మొలలు కావు. చీలిక. ఏడాదిన్నరగా రక్తం పోతోంది. నీళ్ళు తాగకుండా, ఆపుకుని, ఈ కుర్చీలో కూర్చుని తెచ్చుకున్నాను. ఒకసారి మీట వదిలి విన్నాను, ఎవరూ నవ్వలేదు. ఎవరైనా నవ్వితే బాగుండుననిపించింది ఒక క్షణం. ఫోర్మన్ ఏదో అనబోయాడు, నేను మళ్ళీ మీట నొక్కేశాను, మీట నొక్కి ఉన్నంతసేపూ ఇంకెవరి మాటా దూరదు, ఈ సైటులో నాకున్న అధికారం అదొక్కటే.

నా సంగతి వదిలెయ్యండి అన్నాను. నాది ముదిరింది, కత్తి దాకా పోతుందేమో, పోనీ. ప్రతి క్రేనుకీ రెండో మనిషి కావాలి, రెండు గంటలకోసారి దింపడానికి. ప్రతి స్తంభం కింద దొడ్డి కావాలి, తాళం లేనిది. అవి కాగితం మీద రాసివ్వండి, రాసిచ్చేదాకా ఈ కొక్కెం కిందికి రాదు, ఎవణ్ణి ఎక్కించినా సరే, వాడితోనూ నేను ఇదే చెప్తాను. కానీ అవి రేపటి మాటలు. ఇవాళ, ఈ నిమిషం, పక్క క్రేన్లో ఇరవై ఆరేళ్ళవాడు ఉన్నాడు. పొద్దున ఆరింటికి ఎక్కాడు, చుక్క నీళ్ళు తాగలేదు. వాడు అడగడు. అడగకూడదని నేనే నేర్పాను వాడికి, కాబట్టి వాడి తరఫున నేను అడుగుతున్నాను. ఒక మనిషిని పంపండి. సీసా నిండా నీళ్ళిచ్చి పంపండి. వాణ్ణి కిందికి దించండి. ఇప్పుడే దించండి.